తిప్పితే పైకి లేచే సింహాసనం

ఏడు ఊళ్ళు తగలబెట్టినవాణ్ణి పట్టుకుని "పాపం" అంటుంది. తడి తువ్వాలు మంచం మీద పడేసినవాణ్ణి మాత్రం మనిషి కింద కూడా జమకట్టదు. భార్య మీద కళ్ళజోళ్ళాయనకి ఉన్న ఫిర్యాదు మొత్తం ఇంతే.

ఆయన కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తాడు. వచ్చినవాళ్ళ కంటి ముందు అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని రోజంతా అడగడమే పని. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చేసింది. పెళ్ళయిన కొత్తలో భార్య రెండు జతల చెప్పులు చూపించి ఏది బాగుందని అడిగితే, ఆయన అడిగిన ఎదురుప్రశ్నలకి చెప్పుల షాపువాడు దీపాలార్పి తాళం తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆవిడ పాత చెప్పులతోనే ఇంటికొచ్చింది.

ఆవిడ ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. పట్టేసిన భుజాలూ, మొరాయించిన మోకాళ్ళూ ఆవిడ చేతికొస్తాయి. "ఇక నావల్ల కాదమ్మా" అని ఎవరైనా మూలిగితే చల్లగా నవ్వి, "ఇంకొక్కసారి" అంటుంది. ఆ ఇంకొక్కసారి ఎప్పుడూ ఆఖరిసారి కాదు. అందుకే ఆస్పత్రిలో ఆవిడ పేరు ఇంకొక్కసారి మేడం.

అంత గట్టి మనిషీ సాయంత్రం సీరియల్ మొదలయ్యేసరికి కరిగి నీరైపోతుంది. అదీ హీరో కోసం కాదు. ఒంటిచెవి సేనాపతి కోసం.

ఆ సేనాపతి చెయ్యని ఘోరం లేదు. ఊళ్ళు తగలబెట్టాడు, యువరాజుని చీకటికొట్లో వేశాడు, సొంత గురువుని కొండమీంచి తోశాడు. జనం తిట్టుకుంటూనే చూశారు. ఇంతలో ఒక ఫ్లాష్‌బ్యాక్ పడింది. చిన్నప్పుడు కాపలా కాస్తూ కునుకు తీశాడని రాజుగారు వాడి చెవి కోయించాడట. అంతే, ఉన్న ఆ ఒక్క చెవితో సేనాపతి జనాన్నంతా తనవైపు లాగేసుకున్నాడు. వాళ్ళందరూ కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. దాని పేరు సేనాపతి సానుభూతి సంఘం. ఇంకొక్కసారి మేడం అందులో మెంబరు.

"ఇవాళ బావిలో విషం కలిపాడోయ్ మీవాడు!" అన్నాడు కళ్ళజోళ్ళాయన ఒకరోజు.

"కలిపాడు. కలిపేటప్పుడు చెయ్యి వణికింది, చూశారా?"

"చెయ్యి వణికితే విషం పనిచెయ్యడం మానేస్తుందా?"

"మీకర్థం కాదులెండి. లోపల ఎంత నలిగిపోతున్నాడో!"

"నేనూ నలిగిపోతున్నాను."

"మీరు నలిగేది ఇస్త్రీ చేసుకోక. ఆ చొక్కా ఇటు పడెయ్యండి."

ఇలా ఆ ఇంట్లో ఇద్దరు మొగవాళ్ళుంటే, అందులో జాలి మొత్తం టీవీలో ఉన్నవాడికే పోయేది.

ఇక అసలు గొడవ కుర్చీది.

ఆవిడ నాన్నగారికి ఫొటో స్టూడియో ఉండేది. స్టూడియో మూతపడ్డాక అందులోంచి ఈ ఇంటికొచ్చిన వస్తువు ఒక్కటే, ఫొటోలకి కూర్చునే కుర్చీ. గుండ్రటి సీటు, కింద ఇనప కాడ, వెనక చిన్న చెక్క వీపు. పొట్టివాళ్ళు కూర్చుంటే సీటు గిర్రున తిప్పుతారు, పైకి లేస్తుంది. తిప్పినప్పుడల్లా కీచుమంటుంది. తిప్పకపోయినా అంటుంది. హాల్లో కిటికీ పక్క మూల దాని స్థానం. రోజూ సాయంత్రం ఆవిడ కాళ్ళు ముడుచుకుని అందులో కూర్చుని సేనాపతి కోసం కన్నీళ్ళు పెట్టుకుంటుంది.

కళ్ళజోళ్ళాయన కన్ను ఆ మూల మీద ఉంది. ఆయనకి చేపల తొట్టి కావాలి. ఎండ నేరుగా పడకూడదు, పక్కన ప్లగ్గుండాలి, కూర్చున్నచోటి నుంచి కనపడాలి. ఇల్లంతా కొలిచి చూస్తే అలాంటి చోటు అదొక్కటే.

"చేపలుంటే ఇంట్లో సందడిగా ఉంటుందోయ్" అని మొదలుపెట్టాడు.

"చేపలు సందడి చెయ్యవండీ. నోరెత్తవు."

"అదేగా నాక్కావలసింది. ఈ ఇంట్లో నోరెత్తనివాళ్ళు ఒకళ్ళైనా ఉంటారు."

ఆ ఒక్క మాటతో చేపల తొట్టి ప్రస్తావన చాలాకాలం వెనక్కి వెళ్ళిపోయింది.

చివరికి తనకి సెలవూ ఆవిడకి డ్యూటీ ఉన్న ఒకరోజు ఆయన తెగించాడు. పాత సామాన్ల షాపాయనకి ఫోన్ చేశాడు. షాపాయన వచ్చాడు. గుమ్మం పట్టనంత మనిషి, చెవులదాకా మీసాలు. కుర్చీని అమాంతం భుజానికెత్తుకుని, "అమ్మోయ్" అని ఒక కేక పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కళ్ళజోళ్ళాయన ఎంతిస్తావని కూడా అడగలేదు.

పథకం ఆయన బుర్రలో చాలా స్పష్టంగా ఉంది. కుర్చీ మర అరిగిందని, మిస్త్రీకిచ్చానని చెప్పాలి. మిస్త్రీ రేపంటాడు, ఎల్లుండంటాడు, పెళ్ళికెళ్ళానంటాడు. ఈలోగా మూల ఖాళీగా ఉందని చేపల తొట్టి వస్తుంది. చేపల్ని చూస్తూ చూస్తూ ఆవిడ కుర్చీని మర్చిపోతుంది. ఎవరికి కష్టం?

సాయంత్రం ఆవిడ వచ్చింది. చెప్పులు విప్పింది. మూల వైపు చూసింది.

"కుర్చీ ఏదండీ?"

"మర అరిగిపోయింది. మిస్త్రీకిచ్చాను."

"ఏ మిస్త్రీకి?"

"మంచి మిస్త్రీకే."

ఆవిడ ఆయన మొహంలోకి కాసేపు చూసి, "ఊఁ" అంది. ఆరోజు సీరియల్ మొత్తం ఆ ఖాళీ మూలలో నిలబడి చూసింది. సోఫా ఉంది, మంచం ఉంది. అయినా నిలబడే చూసింది.

అరిచి ఉంటే ఆయన ఎదురు అరిచేవాడు. నిలబడితే ఏం చేస్తాడు? ఆ రాత్రి అన్నం సయించలేదు. తెల్లారగానే షాపుకి పరిగెత్తాడు.

"ఆ కుర్చీ నాకు తిరిగి కావాలి."

షాపాయన ఎడం చేత్తో మీసం సర్దుకున్నాడు. "పోయింది సార్."

"ఒక్క పూటలోనా! ఎవరు పట్టుకెళ్ళారు?"

"చూడగానే, ఇది నాదే అన్నారు సార్. ఇంక నేనేం మాట్లాడను?"

కళ్ళజోళ్ళాయన తిరుగుముఖం పట్టాడు. లోకంలో ఎలాంటి మనుషులుంటారో! పరాయివాళ్ళ వస్తువు చూసి ఇది నాదే అనడమేమిటి! ఇక కుర్చీ రాదు. ఉన్న దారల్లా తప్పు ఒప్పుకోవడం ఒక్కటే. ఒప్పుకుంటే ఏమవుతుంది? తడి తువ్వాలుకే వారం రోజులు మొహం మాడ్చుకునే మనిషి, మామగారి కుర్చీకి ఇంకేం చేస్తుంది?

అప్పుడు తట్టింది ఆ ఆలోచన.

బావిలో విషం కలిపినవాణ్ణి క్షమించిందిగా! ఎందుకు? వాడికి ఫ్లాష్‌బ్యాక్ ఉంది. తనకి లేదు. తేడా అంతే. ఎలాంటి ఫ్లాష్‌బ్యాక్ ఉంటే ఎలాంటి నేరం మాఫీ అవుతుందో తెలుసుకోవాలంటే ఆ సంఘం కంటే మంచి చోటు ఏముంటుంది?

ఆ రోజే 'సామాన్య పౌరుడు' అన్న మారుపేరుతో సేనాపతి సానుభూతి సంఘంలో చేరడానికి దరఖాస్తు పెట్టాడు. చేరేవాళ్ళని వాళ్ళు ఒక ప్రశ్న అడుగుతారు. సేనాపతి చెడ్డవాడా?

"అది మనం ఏ అద్దం పెట్టుకుని చూస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది" అని రాశాడు ఆయన.

వెంటనే లోపలికి రానిచ్చారు.

లోపల అందరివీ మారుపేర్లే. జనం చాలామందే ఉన్నా రోజూ మాట్లాడేది ముగ్గురు. 'కోట కుక్క' అనే ఆయనకి ప్రతి భాగమూ కంఠస్థం. ఎవరేమన్నా "ఇది ఏ భాగంలో?" అని మొరుగుతాడు. 'వెన్నపూస' అనేవాళ్ళు ప్రతిదానికీ ఏడుస్తారు. "పుట్టుకతో ఎవరూ చెడ్డవాళ్ళు కాదండీ" అంటూ చివర నాలుగు ఏడుపు బొమ్మలు పెడతారు. మూడోది 'ఇనప గద'. అందరూ సేనాపతి గతం తలుచుకుని కుళ్ళికుళ్ళి ఏడుస్తుంటే ఇనప గద వచ్చి, "నాకూ జాలే. జాలి ఉందని శిక్ష తగ్గించను. చెవి పోయింది వాడిది, ఊళ్ళు కాలింది వేరేవాళ్ళవి" అని రాసి పోయేది.

కళ్ళజోళ్ళాయన ఒక్కపూట చదివి తేల్చేసుకున్నాడు. వెన్నపూస తన భార్య. ఆ ఏడుపు ఆయన రోజూ చూస్తున్నదే. ఇనప గద ఎవరో రిటైరైన జైలు అధికారి అయ్యుంటాడు, ఇంట్లో ఎవరూ మాట వినక ఇక్కడికొచ్చి పడ్డాడు.

ఇక రహస్యంగా రాయడానికి ఆయన ఎంచుకున్న చోటు బాత్రూం.

కాకపోతే ఫోన్ మోగకుండా చెయ్యడం ఆయనకి తెలియదు. హాల్లో ఆవిడ ఫోన్ పట్టుకుని ఏదో టైపు చెయ్యడం, బాత్రూంలో టింగుమనడం. మళ్ళీ టైపు, మళ్ళీ టింగు.

"ఏవండీ, కడుపులో బాగాలేదా?" అంది ఆవిడ తలుపవతల నుంచి.

"బానే ఉందోయ్!"

"మరి ఇందాకే కదా వెళ్ళారు?"

"ఇంకొక్కసారి వచ్చాను."

"సరే, మీ ఇష్టం. కూర్చోడానికి అక్కడైనా ఉంది, హాల్లో నాకు అదీ లేదు."

ఆ మాట సూదిలా దిగింది. ఆలస్యం చేస్తే లాభం లేదనుకుని ఆయన ఆ సాయంత్రమే సంఘం ముందు ప్రశ్న పెట్టాడు.

"ఒక సందేహం. మన సేనాపతి, మహారాణి కోటలో లేనప్పుడు ఆవిడ సింహాసనాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేశాడనుకుందాం. క్షమించవచ్చా?"

"ఇది ఏ భాగంలో?" అన్నాడు కోట కుక్క.

"ఊహించుకోమంటున్నానండీ."

"సింహాసనం ఎలాంటిది?" అని అడిగింది ఇనప గద.

ఇక్కడ కళ్ళజోళ్ళాయన వృత్తి ఆయన్ని ముంచింది. వెంట్రుకవాసి తేడా వస్తే కళ్ళద్దాలు పనికిరావు. ఏది చెప్పినా ఉన్నదున్నట్టు చెప్పకపోతే ఆయనకి ప్రాణం ఊరుకోదు. అబద్ధమాడేటప్పుడు కూడా అంతే.

"గుండ్రటి సీటు. ఇనప కాడ. తిప్పితే పైకి లేస్తుంది. కొంచెం కీచుమంటుంది" అని రాశాడు.

"తిప్పితే లేచే సింహాసనమా?" అన్నాడు కోట కుక్క.

"ఆ కాలంలో ఉండేవి."

"ఎందుకిచ్చేశాడు?" ఇనప గద వదల్లేదు.

"ఆ మూల చేపల తొట్టి పెట్టుకుందామని. ఎండ పడదు, పక్కన ప్లగ్గు," అని రాసి, ప్లగ్గు కొట్టేసి, "పక్కన దివిటీ కూడా ఉంది" అని దిద్దాడు.

"సేనాపతికి చేపలెందుకండీ?"

ఫ్లాష్‌బ్యాక్ వదలాల్సిన సమయం వచ్చింది. ఆయన మంచి భయంకరమైనది ఒకటి కల్పిద్దామనే కూర్చున్నాడు. తల్లినో తండ్రినో మొసలి మింగినట్టు. కానీ వేళ్ళు మాత్రం వేరే సంగతి రాశాయి.

"చిన్నప్పుడు వాళ్ళ మేనమామ ఇంట్లో పెద్ద చేపల తొట్టి ఉండేది. అంతకుముందు వాడెప్పుడూ చేపని అంత దగ్గరగా చూడలేదు. అద్దానికి ముక్కు ఆనించి చూస్తూ ఉండిపోయాడు. అద్దం మీద ముక్కు మరక పడిందని అత్తయ్య అందరి ముందూ చెవి పట్టుకుని బయటికి పంపింది. ఆ రోజు వాడు అనుకున్నాడు, పెద్దయ్యాక నాకే ఒక తొట్టి ఉంటుంది, దానికి ఎంతసేపు కావాలంటే అంతసేపు ముక్కు ఆనించుకుంటాను అని."

ఇది కల్పన కాదు. కళ్ళజోళ్ళాయన ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజంతా వేరేవాళ్ళ అద్దాల మీద మరకలు తుడిచే పనిలో ఎందుకు చేరాడో ఆయనకే తెలియదు.

వెన్నపూస నుంచి ఏడుపు బొమ్మలు వరదలా వచ్చాయి. "అయ్యో! చిన్న పిల్లాడండీ! ముక్కెంతుంటుంది, మరకెంతుంటుంది!"

కళ్ళజోళ్ళాయన గుండె నిండిపోయింది. చూశావా, కట్టుకున్న భార్య ఏడుస్తోంది, అదీ నా కోసం!

మర్నాడు సాయంత్రానికి సంఘంలో వేరే చర్చ లేదు. సేనాపతికి 'చేపల సేనాపతి' అని బిరుదు కూడా ఇచ్చేశారు. ఆ సమయంలో, ఆయన బాత్రూంలో తలుపు గడియ పెట్టుకుని ఉండగా, ఇనప గద దిగింది.

"అందరూ సేనాపతిని చూస్తున్నారు. అసలు తప్పు మహారాణిది."

ఆయన ఉలిక్కిపడ్డాడు. జైలు అధికారి మనవైపు వచ్చేశాడే!

"కోటంతా ఆవిడదే," ఇనప గద రాసుకుపోయింది. "ఒక్క మూల ఇవ్వడానికి మనసు రాలేదా? చిన్నప్పుడు ముక్కు దెబ్బతిన్న మనిషికి రెండు చేపలు కొనిపెట్టలేని రాణి ఒక రాణేనా?"

"నిజమేనండీ," అంది వెన్నపూస. ఈసారి ఏడుపు బొమ్మ ఒక్కటే ఉంది. "రాణిగారిదే తప్పులాగుంది."

కళ్ళజోళ్ళాయన గాలిలో తేలాడు. భార్యే ఒప్పుకుంది! తన నోటితో, రాణిదే తప్పని! ఇక బయటికెళ్ళి, నేనే ఆ సేనాపతినని ఒక్క మాట చెబితే చాలు. రేపే తొట్టి. ఎర్రవి రెండు, నల్లది ఒకటి.

గడియ మీద చెయ్యి వేశాడు. టింగుమంది.

"ఆ రాణికి పనేముంటుంది? పొద్దస్తమానం ఆ కుర్చీలో కూలబడి నాటకాలు చూడటం తప్ప" అని ఉంది ఇనప గద సందేశం.

చెయ్యి గడియ మీదే ఆగింది. పొద్దస్తమానమా?

"రాణిని కోటలోంచి పంపించేస్తే కథ ముందుకు నడుస్తుంది" అన్నాడు కోట కుక్క.

ఆయన చెవులు వేడెక్కాయి.

"అయినా ఒక పాత కీచు కుర్చీ మీద అంత మోజేమిటి? వాళ్ళ నాన్న ఇచ్చాడా ఏమిటి?" అంది ఇనప గద.

అంతే. కళ్ళజోళ్ళాయన మళ్ళీ కూర్చున్నాడు. జీవితంలో ఎన్నడూ అంత వేగంగా టైపు చెయ్యలేదు.

"ఏవండీ ఇనప గద గారూ, నోరు కాస్త అదుపులో పెట్టుకోండి. అవును, వాళ్ళ నాన్నే ఇచ్చాడు. ఆవిడకి పాలపళ్ళు ఊడిన ఫొటో ఆ కుర్చీలోనే తీశారు. ఆయనకి చేతులు వణికి కెమెరా పట్టు తప్పితే, రోజూ ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, ఇంకొక్కసారి నాన్నా, ఇంకొక్కసారి నాన్నా అని వ్యాయామం చేయించింది ఆవిడే. అలా నేర్చుకున్న పనితోనే ఇవాళ ఊళ్ళోవాళ్ళ కాళ్ళూ చేతులూ లేపుతోంది. పొద్దస్తమానం కూర్చుంటుందంటారా? రోజంతా నిలబడే ఉంటుంది. సాయంత్రం ఒక్క గంట కూర్చుంటుంది. ఆ గంట కూడా లేకుండా చేశాడు ఆ వెధవ."

ఊపిరి పీల్చుకుని మళ్ళీ అందుకున్నాడు.

"ముక్కు మరక నిజమే. మరక వేసింది వాడు, తిట్టింది అత్తయ్య. మధ్యలో ఈవిడేం చేసింది? చేపల కోసం ఇంటావిడకి అబద్ధం చెప్పాడు. వాడి మీద జాలి పడకండి. ఆ వెధవ సేనాపతి కాదు. నేనే."

పంపేశాడు. పంపాక చేతులు వణికాయి. సేనాపతికి విషం కలిపేటప్పుడు వణికినట్టు.

మొదట వచ్చింది కోట కుక్క. "ఇది ఏ భాగంలో వస్తుందండీ?"

తరవాత వెన్నపూస. "పౌరుడు గారూ, మీరు బాగానే ఉన్నారా?"

ఆ తరవాత ఇనప గద.

"పౌరుడు గారూ, బాత్రూంలోంచి బయటికి రండి. లైటు ఆర్పి మరీ రండి."

కళ్ళజోళ్ళాయన ఆ మాట రెండుసార్లు చదివాడు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివాడు. ఇందాకటిదీ ఇప్పటిదీ ఒకేలా ఉన్నాయి.

అప్పుడే తలుపవతల నుంచి వినపడింది. కీచ్.

లైటార్పాడు. తలుపు తీశాడు.

హాల్లో కిటికీ పక్క మూలలో కుర్చీ. కుర్చీలో ఇంకొక్కసారి మేడం. ఒళ్ళో ఫోను. పక్కన పాత సామాన్ల షాపాయన, ఒక చేత్తో మంచినీళ్ళ గ్లాసు, రెండో చేత్తో ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"సార్," అన్నాడు షాపాయన గద్గదంగా, "ఆ ముక్కు మరక దగ్గర ఆగలేకపోయాను సార్. మా షాపులో కూర్చుని ఏడ్చేశాను."

కళ్ళజోళ్ళాయన ఆ మీసాల వైపు చూశాడు. "నువ్వు... వెన్నపూసవా?"

"అవును సార్. నా భుజం నెలరోజులుగా మేడం చేతిలోనే ఉంది. నొప్పి తెలియకుండా మేడం సేనాపతి కథ చెప్పేవారు. అలా సంఘంలో చేరాను." గ్లాసు కింద పెట్టాడు. "రాణిగారిదే తప్పని రాయమన్నది కూడా మేడమే సార్. ఆ మాట రాయడానికి నాకు చేతులు రాలేదు."

"కుర్చీ పోయిందన్నావు!"

"ఇది నాదే అని పట్టుకెళ్ళారన్నాను సార్. మీ కుర్చీ ఎత్తగానే భుజం మళ్ళీ పట్టేసింది, తిన్నగా ఆస్పత్రికి పోయాను. ఏం ఎత్తావని మేడం అడిగారు. బయట బండిలో ఉంది చూడండన్నాను."

షాపాయన వెళ్ళిపోయాక హాల్లో ఇద్దరే మిగిలారు. కుర్చీ ఒకసారి కీచుమంది.

"అంటే, మిస్త్రీ అని నేను చెప్పేటప్పటికే నీకు తెలుసు," అన్నాడాయన.

"తెలుసు. మీరు నిజం చెబుతారేమోనని ఏ మిస్త్రీ అని అడిగాను కూడా. మంచి మిస్త్రీ అన్నారు."

"గ్రూపులో ఉన్నది నేనేనని?"

"ఏ అద్దం పెట్టుకుని చూస్తున్నామన్నదాన్ని బట్టి అని రాస్తే ఎవరనుకుంటారండీ? సంఘంలో దరఖాస్తులు చూసేది నేనే, మిమ్మల్ని రానిచ్చిందీ నేనే. పైగా నేను ఇక్కడ నొక్కితే అక్కడ టింగుమంటోంది."

ఆయన తల వంచుకున్నాడు. "నిన్ను నువ్వే అన్ని మాటలెందుకు అనుకున్నావు?"

"మీరేం చేస్తారో చూద్దామని." ఆవిడ కుర్చీ సీటు అంచుని వేలితో రాసింది. "గతం చెప్పుకుని తప్పించుకునేవాళ్ళు గ్రూపు నిండా ఉన్నారు. రాణి నాశనమైపోతున్నా, హమ్మయ్య నేను బయటపడ్డానని మీరు ఊరుకుంటే, ఈ కుర్చీ వచ్చిన బండిలోనే మళ్ళీ ఆస్పత్రికి పోయేది. పక్కన ఇంకో మంచం చూసుకుని నేనూ అక్కడే ఉండేదాన్ని."

"ఊరుకోలేదుగా," అన్నాడు మెల్లగా.

"ఊరుకోలేదు. అంత పొడుగు రాశారు, నాన్న సంగతంతా రాశారు. చదవడానికి నాకు అద్దాలు తుడుచుకోవాల్సొచ్చింది." ఒళ్ళో ఫోన్ బోర్లించింది. "ముక్కు మరక సంగతి ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పారు. నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు నవ్వుతావని."

"నవ్వేదాన్నే. తరవాత తొట్టి కొనేదాన్ని."

ఆవిడ లేచి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. సీటు ఒక్క చుట్టు తిప్పింది. పెళ్ళికి ముందు మామగారు ఆయన్ని ఇందులోనే కూర్చోబెట్టి, "కదలకు బాబూ" అని ఫొటో తీశారు. ఆ ఫొటోలో ఆయన కళ్ళు మూసుకుపోయాయి. కళ్ళు పరీక్షించే పిల్లాడట, కళ్ళు తెరవడం రాదట అని అప్పుడు ఆవిడ నవ్వింది. ఆ నవ్వుతోనే సంబంధం ఖాయమైంది.

ఇప్పుడు ఆవిడ ఫోన్ ఎత్తి పట్టుకుంది. "కదలకండి."

ఈసారి కూడా మూసుకుపోయాయి.

"ఇంకొక్కసారి" అంది ఆవిడ.

రెండు రోజుల తరవాత ఆవిడ ఆస్పత్రి నుంచి వస్తూ నిజంగానే ఒక చేపల తొట్టి తెచ్చింది. ఎర్రవి రెండు, నల్లది ఒకటి. కళ్ళజోళ్ళాయన ఆనందంతో హాలంతా కలయజూశాడు.

"ఎక్కడ పెడదామోయ్?"

"చోటు చూసే తెచ్చాను. ఎండ పడదు, పక్కన ప్లగ్గుంది, కూర్చున్నచోటి నుంచి కనపడుతుంది. ఈ మధ్య మీరు ఎక్కువగా కాపురం ఉంటున్నది కూడా అక్కడే."

అలా చేపల తొట్టి బాత్రూం గూట్లో స్థిరపడింది.

"ముక్కు ఎంతసేపైనా ఆనించుకోండి," అంది ఆవిడ హామీ ఇస్తూ. "మరక పడితే ఎవరూ గెంటరు. తుడుచుకునేది మాత్రం మీరే."

ఆ సాయంత్రం ఆయన అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్నాడు. నల్ల చేప వచ్చి అవతల నుంచి ఆయన ముక్కుని పరీక్షగా చూసి వెళ్ళింది. ఫోన్ టింగుమంది. కోట కుక్క.

"మొదటి నుంచీ మళ్ళీ చూశాను. తిప్పితే లేచే సింహాసనం ఎక్కడా లేదు. దయచేసి భాగం సంఖ్య చెప్పగలరు."

జవాబు రాద్దామని ఆయన ఫోన్ అందుకున్నాడు. హాల్లోంచి కుర్చీ కీచుమన్న చప్పుడు, దాని వెనకే ఇనప గద గొంతు వినపడ్డాయి.

"ఏవండీ! మంచం మీద తడి తువ్వాలు ఎవరు వేశారు?"

"దాని వెనక ఒక ఫ్లాష్‌బ్యాక్ ఉందోయ్!" అన్నాడు కళ్ళజోళ్ళాయన, ముక్కు అద్దం మీంచి తియ్యకుండానే.

"ముందొచ్చి తువ్వాలు ఆరెయ్యండి. ఏడవడానికి నేను ఖాళీగానే ఉన్నాను, ఫ్లాష్‌బ్యాక్ తరవాత వింటాను."